పఫ్‌లు లెక్కపెట్టుకో, అమ్మడూ

అమ్మడూ,

నువ్వు ప్రొఫెషనల్ సైకిల్ రేసుల టీమ్‌తో సంతకం పెట్టావని నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. ఎగిరి గంతేసినంత పని చేశాను. ఫోన్ పెట్టేశాక మాత్రం నిద్ర పట్టలేదు. కొండ దిగేటప్పుడు పడతావేమో అని కాదు, పడితే లేస్తావు, ఆ మొండితనం ఎవరి దగ్గర్నుంచి వచ్చిందో నాకు తెలుసు. నీ జెర్సీ జేబులో ఉండే ఆ నీలం ఇన్‌హేలరే కళ్ళముందు మెదిలింది. చిన్నప్పుడు నీ ఛాతీలో పిల్లికూతలు వినపడగానే మీ అమ్మకంటే ముందు నేను లేచి కూర్చునేవాణ్ణి. ఆ కూత నాకు నా ఛాతీ నేర్పింది కదా.

తేలిక సంగతులు ముందు కానిచ్చేస్తాను. ఉబ్బసం ఉందని పరీక్షలతో సహా కాగితాల మీద పెట్టించుకో. బాగున్న రోజున స్పైరోమెట్రీ, అంటే ఊపిరితిత్తుల బలం కొలిచే పరీక్ష, చేస్తే ఏమీ తేలకపోవచ్చు, అందుకే గట్టిగా తొక్కించాక చేసే పరీక్ష కూడా అడుగు. రోజూ పీల్చే స్టెరాయిడ్ ఇన్‌హేలర్ మానకు, పీల్చాక నోరు పుక్కిలించు. వాడా, అంటే ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ, నిషేధ జాబితా ఏటా జనవరి 1న కొత్తది వస్తుంది, చూసుకో. టీమ్ డాక్టర్‌ని అడక్కుండా దగ్గు మందు కూడా తాగకు, కొన్ని సిరప్‌లలో సాల్బుటమాల్ (నీ నీలం ఇన్‌హేలర్‌లోని మందే), మరికొన్నిటిలో అలాంటిదే అయిన టెర్బుటలిన్ ఉంటాయి. పీల్చినప్పుడు హద్దులోపల ఒప్పుకునే సాల్బుటమాల్‌నే మింగితే ఒప్పుకోరు. టెర్బుటలిన్‌కైతే పీల్చడానికి కూడా టీయూఈ, అంటే ముందస్తు అనుమతి, ఉండాలి.

బ్రిటిష్ రేసర్ సైమన్ యేట్స్ సంగతి తెలుసుగా. 2016లో పారిస్-నీస్ రేసులో అతని పరీక్షలో టెర్బుటలిన్ దొరికింది. ఆ అనుమతికి దరఖాస్తు పెట్టడం తమ డాక్టరే మర్చిపోయాడని టీమే చెప్పింది. నాలుగు నెలల నిషేధం మాత్రం యేట్స్‌కి పడింది. కాబట్టి "డాక్టర్ చూసుకుంటాడులే" అనే మాట నీ నోట రాకూడదు.

ఇక అసలు సంగతి, పఫ్‌ల లెక్క. సాల్బుటమాల్ ఒక పఫ్, అంటే ఇన్‌హేలర్ ఒక్క నొక్కు, మామూలుగా 100 మైక్రోగ్రాములు. 24 గంటల్లో 1600 దాటకూడదు, అందులోనూ ఏ 8 గంటలు తీసుకున్నా 600 దాటకూడదు. అంటే ఆరు పఫ్‌లు. ఇంట్లో కూర్చుని వింటే ఆరు చాలా ఎక్కువ అనిపిస్తుంది. చలిగాలిలో, వానలో, కొండ మీద, నోరు తెరిచి నిమిషానికి వంద లీటర్ల పైన గాలి పీలుస్తూ తొక్కేటప్పుడు ఆ ఆరు ఎప్పుడు అయిపోయాయో తెలీదు. నాకు తెలీలేదు.

నేను రేసులు తొక్కే రోజుల్లో సంగతి. అది ఐదు రోజుల రేసు, నాలుగో రోజు. రెండు రోజులుగా జలుబు ఛాతీలోకి దిగింది. మానేసి ఇంటికి పోవాల్సింది, పోలేదు. పొద్దున బస్సులో రెండు పఫ్‌లు పీల్చాను. బయల్దేరే ముందు ఇంకో రెండు. మొదటి కొండ పైన జేబులోంచి తీశాను, దిగేటప్పుడు వానకి వేళ్ళు మొద్దుబారిపోతుంటే మళ్ళీ తీశాను. ఆ తర్వాత ఎన్నిసార్లు తీశానో నిజంగా గుర్తులేదు, గొంతు పట్టేసినప్పుడల్లా చెయ్యి దానంతటదే వెనక జేబులోకి పోయింది. గమ్యం దాటి టవల్ కప్పుకునేలోపు ఒకాయన భుజం తట్టి డోపింగ్ పరీక్షకి నీ పేరొచ్చిందన్నాడు.

గదిలో బల్ల మీద ఫారం ఉంది. గత ఏడు రోజుల్లో వాడిన మందులు రాయమంటుంది, నువ్వు చూసే ఉంటావు. చేతులు వణుకుతున్నాయి, సగం చలికి, సగం ఆ మందుకే. నిజం రాయాలంటే "లెక్క తెలీదు, బహుశా పన్నెండు పైన" అని రాయాలి. నేను "సాల్బుటమాల్, 2 పఫ్‌లు" అని రాసి సంతకం పెట్టాను. నా పక్కన నిలబడ్డ టీమ్ కుర్రాడు ఆ అంకె చూశాడు. పొద్దున్నుంచీ నా వెనకే తొక్కాడు వాడు. ఏమీ అనలేదు.

ఆ తర్వాత ఫోన్ మోగినా, తలుపు చప్పుడైనా గుండె ఆగినంత పనయ్యేది. ఎంతకాలం అలా గడిచిందంటే, చివరికి పిలుపు రాలేదంటే ఏమీ దొరకలేదని నాకు నేనే చెప్పుకోవాల్సి వచ్చింది. హద్దు దాటిందో లేదో నాకెప్పటికీ తెలీదు. తెలిసిందల్లా ఒకటే, ఒకవేళ పిలుపు వచ్చి ఉంటే నా వైపు చెప్పుకోడానికి నా చేతిరాతలోని అబద్ధం తప్ప ఇంకేం లేదు. నిజంగా ఉబ్బసం ఉన్నవాణ్ణి, మోసగాడిలా నిలబడేవాణ్ణి.

ఇటలీ రేసర్ పెటాకీ కేసు చదివినప్పుడు ఒళ్ళు జలదరించింది. 2007లో జిరో డి ఇటాలియా రేసులో అతని మూత్రంలో సాల్బుటమాల్ మిల్లీలీటరుకి 1320 నానోగ్రాములు వచ్చింది, హద్దు 1000. అతనికి ఉబ్బసం ఉంది, వాడుకోడానికి అనుమతీ ఉంది. క్రీడా మధ్యవర్తిత్వ న్యాయస్థానం మోసం చేసే ఉద్దేశం లేదని ఒప్పుకుంటూనే, జాగ్రత్తగా లేడని నిషేధం వేసింది. మోసం లేదు, లెక్క లేదు. అది నేనే కదా అనిపించింది.

బ్రిటిష్ రేసర్ క్రిస్ ఫ్రూమ్ సంగతి ఇంకో రకం. 2017లో స్పెయిన్ రేసు వుయెల్టాలో సెప్టెంబరు 7న 2000 వచ్చింది. గుట్టుగా సాగాల్సిన విచారణ డిసెంబరులో పత్రికలకెక్కింది. చివరికి 2018 జులై 2న యూసీఐ, అంటే ప్రపంచ సైక్లింగ్ సంఘం, కేసు మూసేసింది. మూత్రం చిక్కగా ఉన్న సంగతి లెక్కలోకి తీసుకుంటే ఆ 2000 కాస్తా 1429 అయింది. ఎండలో ఒళ్ళు ఎండిపోయిన రోజున అంకె పైకి పోతుందన్నమాట, నీళ్ళు తాగమని నేను ఊరికే పోరుపెట్టను. తీర్పు వచ్చిన నాలుగైదు రోజులకే టూర్ డి ఫ్రాన్స్ మొదలైతే రోడ్డు పక్క జనం గోల చేశారు, వెక్కిరించారు. నాకు నిషేధాలకంటే అదే భయం అమ్మడూ. శిక్షకి గడువుంటుంది, జనం నోటికి ఉండదు. ఉబ్బసం లేనివాడు రెండు పఫ్‌లు పీల్చినంతమాత్రాన కొండ మీద వేగం పెరగదని పరిశోధనలు చెప్తున్నా, టీవీలో నువ్వు ఇన్‌హేలర్ నోట్లో పెట్టుకోవడం కనపడితే చాలు, ఎవరో ఒకరు కామెంట్ పెడతారు. 2014లో ఫ్రాన్స్‌లోని డోఫినే రేసులో ఫ్రూమ్‌కి అదే జరిగింది.

అలాగని దాచావో, నా చేతిలో దెబ్బలు తింటావు. ఆ రేసు తర్వాత నేను దాచాను. భయంతో ఇన్‌హేలర్‌ని బస్సులోనే వదిలేసి బయల్దేరాను. కొండ సగంలో ఊపిరి బిగుసుకుపోయింది, సైకిల్ దిగి రోడ్డు అంచున చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని నిలబడ్డాను, అంబులెన్స్ వచ్చేవరకు లోకం చిన్న గొట్టంలోంచి చూసినట్టుంది. ఆ కొన్ని నిమిషాల్లో నాకు ఎవరేమనుకుంటారో గుర్తే రాలేదు. నువ్వు పక్కన నిలబడి పీల్చు, కెమెరా ముందు పీల్చు, అవసరమైతే రేసు వదిలేసి పీల్చు.

పీల్చిన ప్రతిసారీ ఒక చిన్న పుస్తకంలో రాయి. టైం, పఫ్‌లు, ఎందుకు, అంతే. సైకిల్ మీద రాయలేవు కాబట్టి రేడియోలో టీమ్ కారుకి చెప్పు, వాళ్ళు రాస్తారు. కొన్ని ఇన్‌హేలర్లకి వెనక అంకెల మీటరుంటుంది, అలాంటిదే తీసుకో, ఆ రోజు రేసుకి ముందూ తర్వాతా దాని ఫోటో తీసి డాక్టర్‌కి పంపు. ఆరు దాటేలా ఉంటే ఆ రోజు రేసు అయిపోయినట్టే, దిగిపో. నెబ్యులైజర్ పెట్టాల్సి వస్తే పెట్టించుకో, ప్రాణం ముందు, కానీ ఆ రోజే అత్యవసర అనుమతికి కాగితాలు వెళ్ళాయో లేదో నీ కళ్ళతో చూడు. ఫారం మీద ఎంత ఉంటే అంత రాయి, తెలియకపోతే తెలీదని రాయి.

మొదటి నెల ఆ పుస్తకం పేజీలు నాకు కూడా పంపు. చాదస్తం అనుకో, పరవాలేదు.

ఈ ఉత్తరం మాత్రం మీ అమ్మకి చూపించకు. "2 పఫ్‌లు" అని రాసిన సంగతి తనకింకా తెలీదు. ఈసారి కలిసినప్పుడు నేనే చెప్తాను.

మీ మావయ్య