పిల్లలతో స్పెయిన్‌లో ఒక ఏడాది: 25 లక్షలు సరిపోతాయా?

ప్రశ్న: మాది మియాపూర్. నాకు 36 ఏళ్లు. చిన్నవాడు పుట్టాక ఉద్యోగం మానేశాను. స్పానిష్ వస్తే హైదరాబాద్‌లోనే మంచి జీతంతో మళ్లీ చేరొచ్చని ఆశ. ఈ సెప్టెంబరులో పిల్లలిద్దరినీ (10, 6 ఏళ్లు) తీసుకుని ఏడాదిపాటు స్పెయిన్ వెళ్లి చదవాలనుకుంటున్నా. మావారు ఇక్కడే ఉంటారు. ఆయన చేతికొచ్చే జీతం 1.60 లక్షలు, ఇంటి లోన్ ఈఎంఐ 52 వేలు. నా పేరున ఉన్న ఫ్లాట్‌కు 18 వేలు అద్దె వస్తుంది. అన్నీ పోను నెలకు 40 వేలు మిగులుతాయి. ఎఫ్‌డీలు 14 లక్షలు, ఈక్విటీ ఫండ్లు 11 లక్షలు ఉన్నాయి. చాలకపోతే బంగారం తాకట్టు పెడదామనుకుంటున్నాం. సాలమంకా మంచిదా, బార్సిలోనానా? కోర్సు వాళ్లు అడ్వాన్స్ కట్టమంటున్నారు.

జవాబు: ముందు ఆ అడ్వాన్స్ ఆపండి. వీసా రాకపోతే డబ్బు వాపసు ఇస్తామని వాళ్ల చేత రాయించుకోండి. అంతకంటే ముందు తేల్చుకోవాల్సిన సంగతి ఇంకొకటి ఉంది. స్పెయిన్‌లో విదేశీయుల కొత్త నియమావళి 2025 మే 20న అమల్లోకి వచ్చింది. యూనివర్సిటీ చదువులకు, భాషా కోర్సులకు అందులో వేర్వేరు నిబంధనలున్నాయి. మీరు చేరబోయే కోర్సు మీద పిల్లలను కూడా తీసుకెళ్లడానికి ఒప్పుకుంటారా అని కాన్సులేట్‌కు మెయిల్ పెట్టి, రాతపూర్వకంగా జవాబు తెప్పించుకోండి. ఏజెంటు నోటి మాట మీద లక్షలు కట్టకండి.

కుటుంబంతో కలిపి స్టూడెంట్ వీసా కుదిరితే, ఐప్రెమ్ అనే సూచిక ప్రకారం డబ్బు చూపాలి. 2025లో అది నెలకు 600 యూరోలు. మీకు 600, మొదటి బిడ్డకు అందులో 75 శాతం, రెండో బిడ్డకు 50 శాతం, కలిపి నెలకు 1,350 యూరోలు. అదే చదువుతో సంబంధం లేకుండా, సొంత డబ్బుతో బతికేవాళ్లకిచ్చే వీసా మీద వెళ్లాల్సి వస్తే ముగ్గురికి ఏడాదికి 43,200 యూరోలు చూపాలి. యూరో 105 రూపాయలు అనుకుంటే 45 లక్షల పైమాటే. అది మీ లెక్కకు అందేది కాదు. ఆ మెయిల్‌కు వచ్చే జవాబు మీద మీ ప్లాన్ మొత్తం ఆధారపడి ఉందని అందుకే అంటున్నాను.

వీసాకు చూపాల్సిన డబ్బు వేరు, నిజంగా అయ్యే ఖర్చు వేరు. సాలమంకాలో రెండు బెడ్‌రూముల ఇంటికి 850 యూరోలు వేసుకోండి. ఆ ఊరు సముద్రమట్టానికి 800 మీటర్ల ఎత్తున ఉంది, చలికాలం గట్టిగా ఉంటుంది. కరెంటు, గ్యాస్, నెట్ కలిపి సగటున 170. తిండికి 500. ఇన్సూరెన్సు, బస్సులు, ఫోన్లు, పిల్లల చలికోట్లు, చిల్లర ఖర్చులు అన్నీ కలిపితే నెలకు 2,000 యూరోలకు తగ్గదు. ఏడాదికి 25 లక్షలు. దీనికి కోర్సు ఫీజు 5.8 లక్షలు, విమానం టికెట్లు 2.1 లక్షలు, అపోస్టిల్ (మన పత్రాలు విదేశంలో చెల్లేలా వేయించే ప్రభుత్వ ముద్ర), అధికారిక అనువాదాలు, వీసా ఫీజులకు ఒక లక్ష, ఇల్లు సర్దుకోవడానికి 2.8 లక్షలు. మొత్తం 37 లక్షలు దాకా తేలుతోంది. మీ దగ్గరున్నది 25.

ఇల్లు సర్దుకోవడానికి అంత ఎందుకంటే, తాత్కాలిక అద్దె ఒప్పందానికి అక్కడి చట్టం ప్రకారమే రెండు నెలల డిపాజిట్ కట్టాలి. స్థానికంగా జీతం స్లిప్పు లేని వాళ్లను కొన్ని నెలల అద్దె ముందే అడిగే ఇంటివాళ్లూ ఉంటారు. ఇంకోటి, ఆ ఇంటి చిరునామా మీద మునిసిపాలిటీలో మీ పేర్లు నమోదు చేసుకోనిస్తారో లేదో అడిగాకే సంతకం పెట్టండి. ఎంపాద్రోనమియెంతో అంటారు దాన్ని. పిల్లల బడికి, మీ విదేశీ గుర్తింపు కార్డుకు అది ఉండాల్సిందే. అందుకు ఒప్పుకోని ఇల్లు 100 యూరోలు తక్కువకొచ్చినా వద్దు.

ఇక నా సలహా. ఈ సెప్టెంబరు వదిలేయండి, వచ్చే సెప్టెంబరు పెట్టుకోండి. ఏడాది వద్దు, పది నెలలు చాలు. అక్షరాల దగ్గర్నుంచి మొదలయ్యే ఏ1, ఏ2 స్థాయిలను యూరోలు పోసి నేర్చుకోవడం దండగ. హైదరాబాద్‌లో ఇఫ్లూ (ఇంగ్లిష్, విదేశీ భాషల యూనివర్సిటీ) పార్ట్‌టైమ్ కోర్సులున్నాయి, ఢిల్లీలోని ఇన్‌స్టిట్యూటో సెర్వాంటెస్ (స్పెయిన్ ప్రభుత్వ భాషా సంస్థ) ఆన్‌లైన్‌లో చెబుతుంది. అవి రూపాయల్లో పూర్తి చేసి వెళితే, అక్కడి పది నెలల్లో డెలే అనే స్పానిష్ ప్రావీణ్య పరీక్షను బీ2 (ధారాళంగా మాట్లాడగలిగే) స్థాయిలో రాయగలిగే స్థితికి రావచ్చు. ఆ సర్టిఫికెట్‌కు గడువు తీరడమనేది లేదు. ఇంకో లాభం కూడా ఉంది. ఈ ఏడాది ఇక్కడ చదివితే ఈ భాష మీకు నిజంగా పట్టుబడుతుందో లేదో తెలిసిపోతుంది. ఏ2 దాటకుండానే విసుగొస్తే, మిగిలేది 30 లక్షలు.

పది నెలలే అనడానికి పన్ను కారణం కూడా ఉంది. క్యాలెండర్ సంవత్సరంలో 183 రోజులు మించి ఉంటే స్పెయిన్ మిమ్మల్ని తన పన్ను నివాసిగా లెక్కేస్తుంది. అప్పుడు మియాపూర్ ఫ్లాట్ అద్దె, ఎఫ్‌డీ వడ్డీ కూడా వాళ్లకు చూపాలి. భార్య, మైనరు పిల్లలు అక్కడ స్థిరంగా ఉంటే భర్త కూడా అక్కడి నివాసే అన్న ఊహ వాళ్ల చట్టంలో ఉంది. కాదని మనం నిరూపించుకోవచ్చు, రెండు దేశాల మధ్య పన్ను ఒప్పందమూ ఉంది. కానీ ఆ టెన్షన్ మనకెందుకు? సెప్టెంబరు మొదటి వారంలో వెళితే ఆ ఏడాది 122 రోజులకు మించవు. జనవరి 1 నుంచి జూన్ 30 వరకు 181 రోజులు. అక్కడి బడి జూన్ చివరి వారానికల్లా ముగుస్తుంది. బడి అయిపోగానే విమానం ఎక్కేయండి. క్రిస్మస్ సెలవులకు ఇంటికొచ్చిన రోజులు లెక్కలోంచి పోతాయని మాత్రం అనుకోవద్దు. అలాంటి తాత్కాలిక గైర్హాజరును వాళ్లు కలిపే లెక్కిస్తారు.

మన దగ్గర మీరు రెండు ఆర్థిక సంవత్సరాలూ రెసిడెంటుగానే ఉంటారు. కాబట్టి అక్కడ తెరిచే బ్యాంకు ఖాతాలో 200 యూరోలున్నా ఐటీఆర్-2లో విదేశీ ఆస్తులు చూపే షెడ్యూల్ ఎఫ్‌ఏ నింపాలి. ఇది చాలామంది మరిచిపోతారు.

డబ్బు పంపడంలో టీసీఎస్ (విదేశానికి పంపేటప్పుడు బ్యాంకు ముందే వసూలు చేసే పన్ను) సంగతి. 2025 ఏప్రిల్ నుంచి ఒక పాన్ మీద ఆర్థిక సంవత్సరానికి 10 లక్షల దాకా పంపితే టీసీఎస్ లేదు. అది దాటితే, కుటుంబ పోషణకు పంపేదాని మీద 20 శాతం ముందే కోస్తారు. పోయే డబ్బు కాదు, పన్నులో సర్దుబాటవుతుంది, కంపెనీకి చెబితే మీవారి టీడీఎస్‌లోనే తగ్గిస్తారు. అయినా ఇరుకు రోజుల్లో రెండు లక్షలు ఇరుక్కుంటే ఇబ్బందే. అందుకని కోర్సు ఫీజు, డిపాజిట్ మీరు బయల్దేరకముందే మీ ఖాతా నుంచి వెళ్లాలి. మార్చి 31 దాకా పంపేది మీవారి పాన్ మీద. ఏప్రిల్ 1 నుంచి ఆయనకే మళ్లీ కొత్తగా 10 లక్షలు. డెబిట్ కార్డు మార్కప్ (విదేశంలో వాడితే బ్యాంకు అదనంగా వేసే రుసుము) ఎంతో బ్యాంకును అడగండి. నెలనెలా 3 శాతం పోతే పది నెలలకు అది 600 యూరోల దాకా అవుతుంది.

పది నెలలకు నా లెక్క 32 లక్షలు. ఇప్పుడున్న 25, ఈ పదిహేను నెలల్లో 6, మీరు అక్కడున్నప్పుడు ఇక్కడ స్కూలు ఫీజులు, ఇంటి ఖర్చు తగ్గి నెలకు 65 వేలు మిగిలితే ఇంకో 6.5. ఖర్చు పోను 5.5 లక్షలు చేతిలో ఉంటాయి. అందులో ఆరు నెలల ఈఎంఐ, అంటే 3.12 లక్షలు, ఎవరూ ముట్టుకోకూడని ఎఫ్‌డీ. ఈక్విటీ ఫండ్లను వచ్చే వేసవి దాకా మార్కెట్లో ఉంచకండి. మార్చిలోపు సగం, ఏప్రిల్ రాగానే సగం అమ్మితే దీర్ఘకాలిక లాభాల మీద 1.25 లక్షల మినహాయింపు రెండుసార్లు వాడుకోవచ్చు. బంగారం జోలికి వెళ్లొద్దు. సంపాదించేది ఒక్కరే కాబట్టి మీవారి పేరున కనీసం కోటిన్నర టర్మ్ పాలసీ ఉందో లేదో చూడండి. మీరు ఆ మాట రాయలేదు.

ఊరి విషయంలో నాకు సందేహం లేదు. బార్సిలోనా ప్రభుత్వ బడుల్లో బోధన ప్రధానంగా కతలాన్ భాషలో ఉంటుంది, అద్దెలూ ఎక్కువ. పిల్లలకు స్పానిష్ రావాలంటే సాలమంకా, గ్రనాడా లాంటి ఊళ్లే నయం. ప్రభుత్వ బడిలో ఫీజు లేదు. మధ్యాహ్నం రెండింటికే వదిలే బళ్లు ఎక్కువ, కాబట్టి మీ క్లాసులు పొద్దున పెట్టించుకుంటే బడి భోజనానికి కట్టాల్సిన పని ఉండదు. వంటకు కందిపప్పు కోసం ఏషియన్ షాపుల చుట్టూ తిరగకండి. సాలమంకా పక్కనే లా అర్మూన్యాలో పండే మసూర్ జాతి పప్పుకు స్పెయిన్ అంతటా పేరుంది. చింతపండు వేసి పులుసు పెడితే పిల్లలు వంక పెట్టరు. సూట్‌కేసులో ఆ బరువు మిగిలితే చింతపండు, కారం పట్టుకెళ్లండి.

చిన్నవాడు త్వరగానే కలిసిపోతాడు. పెద్దబిడ్డకు మొదటి రెండు మూడు నెలలు మాట అర్థంకాక కష్టంగా ఉంటుంది. ఇప్పటినుంచే మీతోపాటు కాస్త స్పానిష్ నేర్పించండి, అక్కడ ట్యూషన్‌కు నెలకు 80 యూరోలు పక్కన పెట్టండి. తిరిగొచ్చేసరికి ఇక్కడ బళ్లు మొదలై రెండు మూడు వారాలు అయిపోతుంది, తెలుగు, హిందీ, లెక్కలు వెనకబడి ఉంటాయి. దానికి 60 వేలు. సీటు అట్టేపెడతారా, ఏ క్లాసులో చేర్చుకుంటారు, మళ్లీ అడ్మిషన్ ఫీజు గుంజుతారా అన్నది ప్రిన్సిపాల్ దగ్గర కాగితం మీద తీసుకోండి.

కాన్సులేట్ జవాబు పిల్లలకు కుదరదని వస్తే, వచ్చే ఏప్రిల్ చివర్లో ఇక్కడి వేసవి సెలవులకు ముగ్గురూ షెంగెన్ వీసా మీద ఆరు వారాలు వెళ్లండి. పెద్దలకు 90 యూరోలు, ఆరు నుంచి పదకొండేళ్ల పిల్లలకు 45. ఏ2 పూర్తిచేసుకుని వెళితే ఆ ఆరు వారాల్లో నోరు తిరుగుతుంది, ఖర్చు ఏడు లక్షల్లోపు. బీ2 మాత్రం ఇక్కడే పూర్తి చేసుకోవాల్సి ఉంటుంది.