సమాధానం: కథని స్క్రీన్‌ప్లేగా మారుస్తుంటే అంతా వాయిస్ ఓవరే అవుతోంది

మీ కథని 10 నిమిషాల షార్ట్ ఫిల్మ్‌గా రాస్తుంటే 18 పేజీలొచ్చాయి, సగం వాయిస్ ఓవరే (మనిషి మాట్లాడుతూ కనబడకుండా వెనక నుంచి వినిపించే మాటలే) అన్నారు కదండీ. చిక్కంతా "అతనికి భయం వేసింది" లాంటి వాక్యాల దగ్గరే. కథలో ఆ ఒక్క ముక్క చాలు. కెమెరాకి భయం కనబడదు, చేతులే కనబడతాయి. వేసిన గొళ్ళేన్నే లేచి వెళ్ళి మళ్ళీ తడిమి చూసుకున్నాడని రాయండి, వాయిస్ ఓవర్ అక్కర్లేదు. రేడియో నాటకమైతే ఆ గొళ్ళెం చప్పుడే రెండుసార్లు వినిపిస్తే సరి.

స్క్రీన్‌ప్లే పేజీ అంటే తెర మీద సుమారు 1 నిమిషం. అంటే మీ 18 పేజీలు సుమారు 18 నిమిషాలు, 8 నిమిషాలు ఎక్కువ. కాబట్టి కథలో ఫ్లాష్‌బ్యాక్‌లుంటే ముందు వాటిని కొట్టేయండి. కథంతా జ్ఞాపకాల్లోనే నడిచేదైతే మాత్రం (నాకు అలాంటివే ఇష్టం లెండి) సినిమా జోలికి పోకుండా కథగానే ఉంచెయ్యండి.