బెంగళూరు మిద్దె మీద నుంచి నెబ్యులా ఫోటోలు: ముందు టెలిస్కోప్ కొనాలా, ట్రాకర్ కొనాలా?

“మారతహళ్లిలో ఉంటున్నాను, కానన్ 200డీ కెమెరా ఉంది, కిట్ లెన్స్‌తో పాటు 55-250 మి.మీ. జూమ్ లెన్స్ కూడా ఉంది, అరవై వేలు పెట్టి ఆరంగుళాల టెలిస్కోప్ కొంటే ఓరియన్ నెబ్యులా (ఓరియన్ నక్షత్రమండలంలో వెలిగే వాయు మేఘం) ఫోటో వస్తుందా” అని మీరు అడిగారు. ఇప్పుడే టెలిస్కోప్ కొనకండి. ఆ డబ్బులో పెద్ద భాగం ట్రాకర్ మీద పెట్టండి. అంటే ఆకాశం తిరిగే వేగంతోనే కెమెరాను మెల్లగా తిప్పే చిన్న మోటారు పెట్టె. ఆరేళ్లుగా కస్తూరినగర్‌లో మా మూడో అంతస్తు మిద్దె మీద నుంచే తీస్తున్నాను. ఈ మాట సొంత డబ్బు పోగొట్టుకున్నాక తెలిసింది.

నేను మొదట కొన్నది 130 మి.మీ. అద్దం ఉన్న టెలిస్కోప్. కెమెరా తగిలించుకోవచ్చని అమ్మినాయన చెప్పారు. తగలడం తగిలింది. కానీ ఫోకస్ నాబ్ చివరిదాకా లోపలికి తిప్పినా నక్షత్రం చుక్కగా కుదరలేదు, మధ్యలో చిల్లున్న గారెలా కనబడుతూనే ఉంది. చాలా చిన్న టెలిస్కోపులు కంటితో చూడటానికి కట్టినవి. మీలాంటి డీఎస్ఎల్ఆర్ కెమెరాలో సెన్సర్ (కాంతిని పట్టే పలక) బాడీ లోపల నాలుగు సెంటీమీటర్ల పైగా వెనక ఉంటుంది కాబట్టి, కాంతి ఒకచోట చేరే స్థానం దాకా అది వెళ్లలేదు. మధ్యలో బార్లో లెన్స్, అంటే బొమ్మను పెద్దది చేసే అదనపు లెన్స్ వేస్తే ఫోకస్ అయితే పడింది. దాంతో బొమ్మ రెట్టింపయింది, వణుకూ రెట్టింపయింది. కింద రోడ్డు మీద నీళ్ల ట్యాంకర్ పోతే చాలు, సన్నటి స్టాండ్ ఊగి నక్షత్రం గీత అయిపోయేది. నాలుగు నెలలు చూసి అమ్మేశాను.

లెక్క చూస్తే విషయం తేలిగ్గా అర్థమవుతుంది. ఆకాశం గంటకు 15 డిగ్రీలు తిరుగుతుంది, అంటే సెకనుకు 15 ఆర్క్ సెకన్లు (ఆర్క్ సెకను డిగ్రీలో 3600వ వంతు). మీ కెమెరా మీద 250 మి.మీ. లెన్స్ పెడితే ఒక్కో పిక్సెల్ దాదాపు 3 ఆర్క్ సెకన్ల ఆకాశాన్ని పట్టుకుంటుంది. కాబట్టి మామూలు ట్రైపాడ్ మీద ఒక్క సెకనులోనే నక్షత్రం 5 పిక్సెళ్లు జరుగుతుంది. నెబ్యులా కాంతి బాగా పలచన, ఒక సెకనులో దొరికేది ఏమీ కాదు. మీకు కావలసింది పెద్ద అద్దం కన్నా ముందు, సెన్సర్ మీద కాంతి నిలకడగా ఒకేచోట పడటం. నేను వాడేది స్కై-వాచర్ స్టార్ అడ్వెంచరర్. పాతది దొరికితే నిస్సంకోచంగా తీసుకోండి. మోటారు తిరుగుతోందో లేదో చూసుకోండి.

ఇక్కడే బెంగళూరు వాళ్లకు అసలు కష్టం మొదలవుతుంది. ట్రాకర్ ఇరుసు ఖగోళ ధ్రువం (ఆకాశం మొత్తం ఏ బిందువు చుట్టూ తిరుగుతున్నట్టు కనబడుతుందో అది) వైపు, అంటే దాదాపు ధ్రువనక్షత్రం వైపు చూడాలి. ఏ ఊరి అక్షాంశం ఎంతో అక్కడ ధ్రువనక్షత్రం అంత ఎత్తులో ఉంటుంది. మనది 13 డిగ్రీలు. చెయ్యి బారుగా చాచి పిడికిలి పెడితే పది డిగ్రీలు, దాని మీద రెండు వేళ్లు. ఆ ఎత్తులో మా ఇంటి ఉత్తరం దిక్కున పక్క అపార్ట్‌మెంట్ నీళ్ల ట్యాంకు ఉంది. అది లేకపోయినా ఊరి వెలుగులో అంత కిందనున్న నక్షత్రం కనబడటం కష్టమే. అమెరికా, యూరప్ వాళ్ల వీడియోలన్నీ ధ్రువనక్షత్రాన్ని చూడటంతోనే మొదలవుతాయి. అవి చూసి నేను రెండు నెలలు దిగులు పడ్డాను.

దారి చూపింది సూర్యుడు. సూర్యుడు సరిగ్గా నడినెత్తి గీత (నెత్తి మీదుగా ఉత్తరం నుంచి దక్షిణానికి పోయే ఊహాగీత) దాటే క్షణంలో నిట్టనిలువు దారం నీడ కచ్చితంగా ఉత్తర దక్షిణాలుగా పడుతుంది. ఆ క్షణం గడియారంలో 12 కాదు. మన గడియారం 82.5 డిగ్రీల రేఖాంశానిది, బెంగళూరు 77.6 దగ్గర ఉంది కాబట్టి మనకు సగటున 12:20కి వస్తుంది. నెలను బట్టి మారుతుంది కూడా, నవంబరు మొదట్లో 12:03, ఫిబ్రవరి మధ్యలో 12:34. డిసెంబరు 25న సరిగ్గా 12:20. నేను ఆ రోజునే, బట్టలారేసే కమ్మీకి నూలుదారం కట్టి, దాని చివర పాత తాళంకప్ప వేలాడదీశాను. గాలికి ఊగకుండా తాళాన్ని బకెట్ నీళ్లలో మునిగేలా ఉంచాను. 12:20కి నీడ మీద సుద్దతో రెండు గుర్తులు పెట్టి కలిపి, తర్వాత దాని మీదే పెయింట్ గీత గీశాను. ఏప్రిల్ చివర్లోనూ ఆగస్టు మూడో వారంలోనూ ఈ పని పెట్టుకోకండి. అప్పుడు మధ్యాహ్నం సూర్యుడు నెత్తి మీదే ఉంటాడు, నీడే పడదు. ఫోన్ దిక్సూచి నమ్మదగింది కాదు, మిద్దెలోని ఇనుప కమ్ములు దాన్ని ఎటుపడితే అటు లాగుతాయి.

ఆ గీత మీద ట్రాకర్ పెట్టి, ఫోన్‌లోని కోణమానిని ఆప్‌తో ఇరుసును 13 డిగ్రీలకు ఎత్తితే ఒక డిగ్రీ లోపు కుదురుతుంది. ఒక డిగ్రీ తప్పినా 135 మి.మీ. దగ్గర 30 సెకన్లలో నక్షత్రం పిక్సెల్‌న్నర మించి జరగదు. ఇంకా సరిచేయాలంటే దక్షిణాన నడినెత్తి గీత దగ్గర, ఖగోళ మధ్యరేఖకు (భూమధ్యరేఖకు నేరుగా పైన ఆకాశంలో ఊహించుకునే గీత) చేరువగా ఉన్న ఒక నక్షత్రాన్ని ఐదు నిమిషాలు గమనించండి. అది ఉత్తరానికి జారితే మీ ఇరుసు పడమరకు ఒరిగింది, దక్షిణానికి జారితే తూర్పుకు ఒరిగింది. ఇంకో జాగ్రత్త. ఇరుసు ఇంత పడుకుని ఉన్నప్పుడు కెమెరా తిరుగుతూ తిరుగుతూ ట్రైపాడ్ కాలికి తగలవచ్చు. చీకటి పడకముందే చేత్తో ఒక చుట్టు తిప్పి చూసుకోండి.

తీయడం విషయానికొస్తే, ఇక్కడ రెండు నిమిషాల ఎక్స్‌పోజర్ పెడితే ఆకాశం మొత్తం నారింజ రంగుకు తిరిగిపోతుంది. 30 సెకన్లు, ఐఎస్ఓ 800, రా ఫైల్, ఇలా 200 ఫ్రేములు తీస్తాను. అంటే గంటా నలభై నిమిషాల కాంతి. ఫ్రేములు నాలుగింతలైతే నాయిస్ (ఫోటోలో కనబడే గరుకు చుక్కలు) సగమవుతుంది, 200 కలిపితే దాదాపు 14వ వంతుకు దిగుతుంది. ఫోకస్‌కి లైవ్ వ్యూలో పదింతలు పెద్దది చేసి, ప్రకాశమైన నక్షత్రం అతి చిన్న చుక్క అయ్యేదాకా రింగు తిప్పి టేపు వేసేయండి. గంటకోసారి మళ్లీ చూడండి, చలి పెరిగితే ఫోకస్ జరుగుతుంది. జనవరిలో లెన్స్ మీద మంచు పడుతుంది, పవర్ బ్యాంకుతో నడిచే హీటర్ పట్టీ లెన్స్‌కు చుట్టండి. వైర్ రిమోట్ ఎలాగూ కావాలి.

సెన్సర్ సొంత మచ్చల్ని తీసేయడానికి మూత పెట్టి అదే ఎక్స్‌పోజర్‌తో ఇరవై డార్క్ ఫ్రేములు తీస్తారు, అది అందరూ చెప్పేదే. ఫ్లాట్ ఫ్రేములు మాత్రం చాలామంది వదిలేస్తారు, ఊళ్లో తీసేవాళ్లు అవి అస్సలు వదలకూడదు. పల్చటి తెల్ల పంచెను రెండు మడతలు చేసి లెన్స్ ముందు బిగించి, ఫోకస్ కదపకుండా, తెల్లవారుజాము ఆకాశం వైపు తిప్పి ముప్పై తీయండి. లెన్స్ అంచుల్లోని నీడలు, సెన్సర్ మీది దుమ్ము మచ్చలు వాటితోనే పోతాయి. ఆ నీడలు ఉండిపోతే, ఫ్రేములు కలిపి సరిచేసే సిరిల్ సాఫ్ట్‌వేర్‌లో ఊరి వెలుగు తీసేసేటప్పుడు అవే నెబ్యులాలా పైకి తేలి మోసం చేస్తాయి. సిరిల్, అలాంటిదే అయిన డీప్ స్కై స్టాకర్ రెండూ ఉచితమే.

స్టాక్ చేసేముందు, అంటే అన్నీ ఒకదాని మీద ఒకటి కలిపేముందు, ఫ్రేములన్నీ ఒక్కొక్కటీ కళ్లతో చూడండి. విమానం గీతలు పడ్డవి, మబ్బు కమ్మినవి తీసేయడానికే కాదు. మన హైదరాబాద్‌లో పెరిగిన ఖగోళ శాస్త్రవేత్త వైను బప్పు 1949లో హార్వర్డ్‌లో చదువుతూ, ఆకాశం ఫోటో ప్లేటు ఒకటి చూస్తుండగానే కొత్త తోకచుక్కను పట్టుకున్నారు. మనకు దగ్గర్లోని, తమిళనాడులో ఉన్న కావలూరు అబ్జర్వేటరీకి ఆయన పేరే పెట్టారు.

లైట్ పొల్యూషన్ ఫిల్టర్ గురించి కూడా అడిగారు. పాత సోడియం దీపాల వెలుగు చాలావరకు పసుపు దగ్గరే ఉండేది, ఫిల్టర్ దాన్ని ఆపేది. ఇప్పటి ఎల్ఈడీ అన్ని రంగుల్లోనూ వెదజల్లుతుంది. నెబ్యులాలోని హైడ్రోజన్, ఆక్సిజన్ వెలుగు ఉండే 656, 501 నానోమీటర్ల దగ్గర మాత్రమే కాంతిని వదిలే డ్యూయల్ బ్యాండ్ ఫిల్టర్ పనిచేస్తుంది గానీ, మామూలు కానన్ బాడీ ఆ 656 ఎరుపును లోపలే చాలావరకు ఆపేస్తుంది. కాబట్టి ఆ డబ్బు బస్సు ఛార్జీకి పెట్టుకోమంటాను. పంచాంగంలో అమావాస్యకు అటూ ఇటూ నాలుగు రోజులు చూసుకుని చీకటి ఉండే పల్లెటూరు వెళ్లండి. మాది మదనపల్లె పక్కన పల్లె. బెంగళూరులో రెండు గంటలు తీసినా రాని కృత్తికల చుట్టూ ఉన్న నీలి పొగ అక్కడ ఇరవై నిమిషాల్లో వచ్చింది. మా జేజి కృత్తికల్ని పిల్లలకోడి అనేది. ఆమెకు ఆ ఫోటో చూపిస్తే పిల్లల్ని ఒక్కొక్కటీ వేలితో లెక్కపెట్టింది.

13 డిగ్రీల్లో ఉండటం వల్ల మనకు లాభమూ ఉంది. ఓరియన్ నెబ్యులా మనకు 70 డిగ్రీల పైకి వస్తుంది, ఊరి మురికి గాలి పొర అక్కడ పల్చగా ఉంటుంది. యూరప్‌లో చాలాచోట్ల అసలు ఉదయించని ఒమేగా సెంటారీ నక్షత్రాల గుచ్ఛం ఏప్రిల్, మే నెలల్లో మనకు దక్షిణాన 30 డిగ్రీల ఎత్తులో దొరుకుతుంది.

ట్రాకర్ వచ్చాక మొదటి రాత్రి మీ 55-250ను 200 మి.మీ. దగ్గర పెట్టండి. ఓరియన్ నడుంపట్టీలో తూర్పు చివరి నక్షత్రం, దాని కింద నెబ్యులా రెండూ ఒకే ఫ్రేములో పడతాయి. 30 సెకన్లవి అయ్యాక 5 సెకన్లవి ఒక ఇరవై కూడా తీసుకోండి. నెబ్యులా నడిబొడ్డు పొడవు ఎక్స్‌పోజర్లలో తెల్లగా మాడిపోతుంది, ఆ చోట వీటిని కలపాలి. డిసెంబరు చివర్లో అది రాత్రి 9 గంటలకే తూర్పున బాగా పైకి వచ్చి, పదకొండున్నర ప్రాంతంలో నడినెత్తి గీతకు చేరుతుంది. అప్పటికి మీ మిద్దె మీద ఆ పెయింట్ గీత ఒకటి ఉండాలి.