స్నానం చేసినంత మాత్రాన కేసు పోదు

ప్రశ్న: మా చెల్లెలికి 24 ఏళ్లు. మొన్న రాత్రి తెలిసినవాడే ఆమెపై అత్యాచారం చేశాడు. ఇంటికి రాగానే స్నానం చేసేసింది. నిన్న ప్రైవేటు ఆసుపత్రికి తీసుకెళ్తే పోలీసుల లెటర్ తెస్తేనే చూస్తామన్నారు. ఇప్పుడు వెళ్లినా లాభం ఉంటుందా? - ఒక అక్క

జవాబు: ఉంటుందమ్మా. ఇది చదివిన వెంటనే ప్రభుత్వ ఆసుపత్రికి బయలుదేరండి. కేంద్ర ఆరోగ్య శాఖ 2014 మార్గదర్శకాల ప్రకారం 96 గంటల వరకు శరీరం నుంచి నమూనాలు తీయవచ్చు. స్నానంతో కొన్ని ఆధారాలు పోతాయేమో గానీ అన్నీ పోవు. నా తొందర మందుల గురించి. హెచ్‌ఐవీ సోకకుండా వాడే మందులు 72 గంటల్లోపే మొదలుపెట్టాలి. గర్భం రాకుండా వేసుకునే మాత్ర కూడా ఎంత త్వరగా వేసుకుంటే అంత మంచిది.

పోలీసుల లెటర్ అడగడం తప్పు. బీఎన్‌ఎస్‌ఎస్ (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 397వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ, ప్రైవేటు ఆసుపత్రులన్నీ వెంటనే, ఉచితంగా వైద్యం చేయాలి. చేయకపోతే బాధ్యులకు ఏడాది వరకు జైలు పడవచ్చు. పోలీసులకు కబురు చేయడం ఆసుపత్రి బాధ్యత. ఫిర్యాదు ఇవ్వాలా వద్దా అన్నది మీ చెల్లెలి ఇష్టం. ఇవ్వనన్నా వైద్యం ఆపకూడదు.

పరీక్షకు ఆమె ఒప్పుకోవాలి. మధ్యలో ఏదైనా వద్దనిపిస్తే వద్దనవచ్చు. గదిలో పోలీసులు ఉండకూడదు. రెండు వేళ్ల పరీక్ష (యోనిలో వేళ్లు పెట్టి చూసే పరీక్ష) చేయకూడదని, చేసినవాళ్లది దుష్ప్రవర్తన అవుతుందని సుప్రీంకోర్టు 2022లో గట్టిగా చెప్పింది. ఎవరైనా చేయబోతే ఆపమని చెప్పండి.

ఇలాంటి కేసుల్లో డాక్టర్ పక్కనుండే నర్సు పని చాలా విలువైనది. నమూనాలను ఆరబెట్టి, లేబుల్ రాసి, సీల్ వేయాలి. ఎప్పుడు ఎవరి చేతికి ఇచ్చారో సంతకాలతో సహా రాసి ఉండాలి. అందులో ఏది తప్పినా కోర్టులో నిందితుడి లాయర్ దాన్నే పట్టుకుంటాడు. ఇంట్లో మీ వంతు పని కూడా ఉంది. ఆ రాత్రి వేసుకున్న బట్టలు ఉతక్కండి. తడిగా ఉంటే నీడలో ఆరనిచ్చి, ఒక్కొక్కటి విడిగా కాగితం సంచిలో పెట్టండి. ప్లాస్టిక్ కవర్లో పెడితే తేమకు డీఎన్‌ఏ పాడవుతుంది. ఒకవేళ ఉతికేసి ఉన్నా వాటిని తీసుకెళ్లండి.

రిపోర్టులో గాయాలు లేవని రాసినా టెన్షన్ పడకండి. బాధితురాలి మాట నమ్మదగినదైతే శిక్షకు అదొక్కటే చాలని 1996లోనే గుర్మీత్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. వైద్య కాగితాల కాపీలు, ఎఫ్‌ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి, అడిగి తీసుకోండి. ఫిర్యాదు ఏ స్టేషన్‌లోనైనా ఇవ్వవచ్చు, మా పరిధి కాదని పంపించేయడానికి వీల్లేదు. ఒంటరిగా వెళ్లడానికి ధైర్యం చాలకపోతే మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేసి, దగ్గరలోని సఖి కేంద్రం (బాధిత మహిళలకు అండగా ఉండే ప్రభుత్వ కేంద్రం) సాయం అడగండి.