పాడు చేసేది ఆవిరి కాదు, ఉప్పు

రోజూ ఆటోక్లేవ్‌లో (ఒత్తిడితో కూడిన ఆవిరితో క్రిముల్ని చంపే యంత్రం) పెడితే ఫోర్సెప్స్‌కి (పళ్ళు పీకే పట్టకారు) మచ్చలొస్తున్నాయి, ఇకమీదట కెమికల్‌లో ముంచి తీస్తే చాలా అని అడిగారు. దయచేసి ఆ పని చేయకండి. పరికరాలు నానబెట్టే 2 శాతం గ్లూటరాల్డిహైడ్ ద్రావణంలో కూడా స్పోర్లు (కొన్ని బ్యాక్టీరియా తయారుచేసుకునే మొండి బీజాలు) చావాలంటే సుమారు 10 గంటలు నానాలి. పేషెంటుకీ పేషెంటుకీ మధ్య అంత టైము ఎవరికుంటుంది? హెపటైటిస్ బి లాంటివాటితో పందెం కట్టకూడదు.

నేను కోనసీమలో రాజోలు వైపు పళ్ళ క్లినిక్ నడుపుతున్నాను. మంచి స్టెయిన్‌లెస్ స్టీలు ఆటోక్లేవ్‌లో ఉండే 121 డిగ్రీలనీ తట్టుకుంటుంది, 134నీ తట్టుకుంటుంది. దాని మీదుండే పల్చటి క్రోమియం ఆక్సైడు పొరే దానికి కాపు. ఉప్పులో ఉండే క్లోరైడ్లు ఆ పొరని చుక్కలు చుక్కలుగా తొలిచేస్తాయి, వేడి తోడైతే మరీనూ. సముద్రం దగ్గరి మన ఊళ్ళలో చాలా బోరు నీళ్ళు నోట్లో పోసుకుంటేనే ఉప్పగా తగులుతాయి. ఆ నీళ్ళతో కడిగి, తడి ఆరకుండా లోపల పెడితే మచ్చలు రాక ఏమవుతాయి? ఆరిపోయిన నెత్తురులోనూ ఉప్పుంటుంది. రూట్ కెనాల్‌లో వాడే హైపో (సోడియం హైపోక్లోరైట్ ద్రావణం) అయితే ఇంకా చెడ్డది, అంటిన వెంటనే కడిగేయాలి.

ఫోర్సెప్స్‌లో ముందు పోయేది కీలు. మా అసిస్టెంటు అమ్మాయి దాన్ని బాగా తెరిచి, సందులో మెత్తటి బ్రష్ తిప్పి, ఆఖరి కడుగు డిస్టిల్డ్ వాటర్‌తో కానిచ్చి, పూర్తిగా ఆరాకే తెరిచినట్టే పౌచ్‌లో (ఆటోక్లేవ్‌లో పెట్టే సంచి) పెడుతుంది. ఆటోక్లేవ్‌లో పోసేదీ డిస్టిల్డ్ వాటరే. నేను చదువుకునే రోజుల్లో కొన్న ఫోర్సెప్స్ ఇప్పటికీ ఆ ట్రేలోనే ఉన్నాయి.

మీ మచ్చల్ని పెన్సిల్ రబ్బరుతో రుద్ది చూడండి. పోయి, కింద నున్నగా ఉంటే అది ఒట్టి మరకే. గోటికి గుంట తగిలిందా, లోహం తినేసినట్టే, ఆ పరికరాన్ని పక్కన పెట్టేయండి. పూత లేచిపోయిన పాత క్రోమ్ ప్లేటింగ్ సామాన్లనీ అంతే, అవి మంచివాటితో ఒకే ట్రేలో ఉంటే వాటి తుప్పు వీటికీ అంటుతుంది.

కార్బన్ స్టీలు బర్‌లకి (పన్ను తొలిచే చిన్న ముళ్ళు) మాత్రం ఆవిరి నిజంగానే పడదు. వాటికి డ్రై హీట్ (ఆవిరి లేని పొడి వేడి), 160 డిగ్రీల దగ్గర 2 గంటలు. స్కేలర్లు (పళ్ళ గార గీకే పరికరాలు) మొద్దుబారడం, అరిగిపోవడం ఎక్కువగా పళ్ళ మీద వాడకం వల్ల, సానబెట్టడం వల్ల. ఆ నేరం ఆటోక్లేవ్ మీద వేయకండి. ఎయిరోటార్‌కి (గాలితో తిరిగే పళ్ళ డ్రిల్లు) కంపెనీ చెప్పినట్టు ఆయిల్ కొట్టాకే లోపల పెట్టండి.