టెక్ సందేహాలు: బ్రైట్‌నెస్ పెంచితే మిర్చి ఎందుకు పాలిపోతోంది?

ప్రశ్న: గుంటూరులో మాది ఎండుమిర్చి వ్యాపారం. సరుకు ఫొటోలు వాట్సాప్‌లో పంపిస్తుంటాం. ఎరుపు బాగా కనిపించాలని బ్రైట్‌నెస్ పెంచితే కాయలు పాలిపోతున్నాయి. శాచురేషన్ (రంగు గాఢత) పెంచితే కుప్ప మొత్తం ఒకే ఎర్ర ముద్దలా తయారవుతోంది. ఏది ఎంత మార్చాలి?

జవాబు: ఏ రంగు, ఎంత లేత లేదా ముదురు, ఎంత గాఢం అనేవి మూడు వేర్వేరు సంగతులు. అమెరికా చిత్రకారుడు ఆల్బర్ట్ మన్సెల్ 1905లోనే వీటిని విడివిడిగా కొలిచే పద్ధతిని ప్రచురించారు. ముదురు రంగంటే గాఢమైన రంగే అని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. తేమ తగిలి నల్లబడిన కాయ ముదురుగానే ఉంటుంది, కానీ ఎరుపు చచ్చిపోయి ఉంటుంది. మంచి తేజ మిర్చిలో మీరు చూపించాలనుకునేది గాఢతను.

ఫోన్ తెరపై ప్రతి చుక్కా ఎరుపు, ఆకుపచ్చ, నీలం అనే మూడు అంకెల కలయిక. ఒక్కొక్కటి 0 నుంచి 255 వరకు ఉంటుంది. మీ మిర్చి రంగు 190, 25, 20 అనుకుందాం. బ్రైట్‌నెస్ పెంచినప్పుడు మూడూ 60 చొప్పున పెరిగితే 250, 85, 80 అవుతాయి. ఎరుపు దాదాపు గరిష్ఠానికి చేరింది, మిగతా రెండూ వచ్చి దానిలో కలిశాయి. పాలిపోవడానికి కారణం అదే. శాచురేషన్ పెంచితే దీనికి విరుద్ధంగా జరుగుతుంది. ఆకుపచ్చ, నీలం సున్నా వైపు పడిపోతాయి, ఎరుపు 255 దగ్గర ఆగిపోతుంది. పక్కపక్క చుక్కల మధ్య తేడా పోవడంతో కాయ మీది ముడతలు, మెరుపు మాయమవుతాయి. కొనేవారు చూసేది ఆ మెరుపునే!

కాబట్టి మార్పులన్నీ ఫొటో తీసేటప్పుడే చేయండి. నేరుగా ఎండ పడని చోట, పగటి వెలుతురులో, కుప్ప పక్కన ఒక తెల్ల కాగితం పెట్టండి. తెర నిండా ఎరుపే ఉంటే కెమెరా తెలుపును సరిగ్గా పోల్చుకోలేదు. ఫోన్ తెరపై కనిపించే కాయ మీద వేలితో తాకి వెలుతురు కాస్త తగ్గించి తీయండి. తర్వాత శాచురేషన్ ముట్టుకోకపోవడమే మేలని నా గట్టి అభిప్రాయం. మిర్చి ధర రంగును బట్టి కూడా ఉంటుంది. సరుకులో లేని ఎరుపు ఫొటోలో చూపిస్తే అది చేరిన రోజే నమ్మకం పోతుంది.

ప్రశ్న: విజయవాడలో చదువుకుంటున్నాను. మంగళగిరి చీరల దుకాణానికి వెబ్‌సైట్ చేస్తున్నాను. రంగు, గాఢత, లైట్‌నెస్ అంకెలతో రంగును చెప్పే హెచ్‌ఎస్‌ఎల్‌లో పసుపు బటన్‌కూ నీలం బటన్‌కూ లైట్‌నెస్ 50 అనే ఇచ్చాను. నీలం మీద తెల్ల అక్షరాలు చక్కగా ఉన్నాయి, పసుపు మీద అసలు కనిపించడం లేదు. ఎందుకు?

జవాబు: ఆ 50 కేవలం లెక్క. ఎరుపు, ఆకుపచ్చ, నీలం అంకెల్లో పెద్దదానికీ చిన్నదానికీ సగటు, అంతే. కంటికి మాత్రం వెలుతురులో ఆకుపచ్చ వాటా సుమారు 72 శాతం, ఎరుపుది 21, నీలానిది 7. పసుపంటే ఎరుపు, ఆకుపచ్చల కలయిక కనుక అది తెలుపుకు దగ్గరగా కనిపిస్తుంది. చూపును ఆధారంగా చేసుకుని 1976లో వచ్చిన సీఐఈ ల్యాబ్ కొలతలో (నలుపు 0, తెలుపు 100) స్వచ్ఛమైన పసుపు 97, నీలం 32. వెబ్‌పేజీ రూపాన్ని నిర్ణయించే సీఎస్‌ఎస్‌లో హెచ్‌ఎస్‌ఎల్ బదులు ఓకేఎల్‌సీహెచ్ అనే రంగుల పద్ధతి వాడండి, లైట్‌నెస్ అంకె కంటికి దగ్గరగా ఉంటుంది. మామూలు సైజు అక్షరాలకు కాంట్రాస్ట్ (అక్షరానికీ వెనుక రంగుకూ మధ్య వెలుతురు నిష్పత్తి) కనీసం 4.5 ఉండాలి. తెల్ల అక్షరాలకు నీలం మీద అది 8.6, పసుపు మీద 1.07 మాత్రమే. పసుపు బటన్ తప్పదంటే అక్షరాలను ముదురు మెరూన్‌లోకి మార్చండి.