మెదడులో కరెంటు పెట్టడమంటే అమ్మ భయపడుతోంది... నాన్నగారికి డీబీఎస్ సర్జరీ చేయించవచ్చా?

ప్రశ్న: మా నాన్నగారికి 64 ఏళ్లు. తొమ్మిదేళ్లుగా పార్కిన్సన్స్ వ్యాధి ఉంది. మొదట్లో రోజుకు మూడు మాత్రలతో సాఫీగా గడిచిపోయేది. ఇప్పుడు మూడు గంటలకోసారి వేసుకుంటున్నా ప్రభావం మధ్యలోనే దిగిపోయి కాళ్లు చేతులు బిగుసుకుపోతున్నాయి. మాత్ర బాగా పనిచేస్తున్నప్పుడేమో ఒళ్లంతా మెలికలు తిరుగుతోంది. డీప్ బ్రెయిన్ స్టిమ్యులేషన్ (డీబీఎస్) సర్జరీ గురించి ఆలోచించమని న్యూరాలజిస్టు చెప్పారు. అమ్మ ససేమిరా అంటోంది. ఒక ఫ్రెంచ్ సర్జన్ దీన్ని అనుకోకుండా కనిపెట్టారని చదివాక నాకూ అనుమానం మొదలైంది. ఇది ఇంకా ప్రయోగ దశలోనే ఉందా? చేయిస్తే జబ్బు పూర్తిగా నయమవుతుందా?
– ఒక పాఠకురాలు

జవాబు: ఇది ప్రయోగ దశ దాటి చాలా కాలమైంది. ప్రపంచవ్యాప్తంగా లక్ష మందికి పైగా చేయించుకున్నారు. అయితే జబ్బు మాత్రం నయం కాదు. ఈ రెండూ ముందే చెప్పేస్తే మిగతాది నింపాదిగా మాట్లాడుకోవచ్చు.

మీరు చదివిన ఆ సర్జన్ పేరు అలీం లూయీ బెనబిద్. ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్ నగరంలో న్యూరోసర్జన్. అంతకుమించి, ఆయన భౌతికశాస్త్రంలోనూ డాక్టరేట్ చేసిన మనిషి. ‘అనుకోకుండా’ అన్నది సగమే నిజం. మందులకు లొంగని వణుకుకు అప్పట్లో ఉన్న ఆపరేషన్ ఏమిటంటే, మెదడు లోపల థాలమస్ అనే భాగంలో ఒక చిన్న చోటును వేడితో కాల్చేయడం. కాల్చాక వెనక్కి తీసుకోలేరు కాబట్టి, ముందుగా ఆ కాల్చే ఎలక్ట్రోడ్ (సన్నని తీగ) గుండా కొద్దిపాటి కరెంటు పంపి సరైన చోటేనా కాదా అని చూసుకునేవారు. రోగి మెలకువగానే ఉంటాడు, చెయ్యి చాచి ఉంచుతాడు. బెనబిద్ ఆ పరీక్షలో కరెంటు స్పందనల వేగాన్ని తక్కువ నుంచి ఎక్కువకు మార్చుతూ పోయారు. సెకనుకు సుమారు 100 సార్లు దాకా వచ్చేసరికి వణుకుతున్న చెయ్యి నిలిచిపోయింది. కరెంటు ఆపితే మళ్లీ మొదలైంది. పెడితే ఆగింది. ఎందరో సర్జన్లు అదే పరీక్ష చేస్తూనే ఉన్నారు కానీ, దాన్ని కాల్చడానికి ముందు అడుగుగానే చూశారు. ఆ అడుగు దగ్గరే ఆగిపోవచ్చునని తోచడం యాదృచ్ఛికం కాదని నా అభిప్రాయం.

ఇక మీ అమ్మగారికి చెప్పవలసిన సంగతి. థాలమస్‌ను రెండు వైపులా కాలిస్తే మాట ముద్దగా మారడం, నడకలో పట్టు తప్పడం వంటి ఇబ్బందులు వచ్చేవి. అందుకే ఒక వైపు కాల్చిన రోగులకు రెండో వైపున కాల్చకుండా ఎలక్ట్రోడ్‌ను అక్కడే ఉంచి, అప్పటికే దీర్ఘకాలిక నొప్పులకు వాడుకలో ఉన్న స్టిమ్యులేటర్‌ను, అంటే కరెంటు పంపే పరికరాన్ని, దానికి కలిపారు. 1987లో ప్రచురించిన తొలి నివేదిక ఇదే. అంటే ఈ వైద్యం పుట్టిందే మెదడును కాల్చే అవసరం తప్పించడానికి. కరెంటు మోతాదు మార్చుకోవచ్చు, వద్దనుకుంటే ఆపేయవచ్చు, పరికరాన్ని తీసేయవచ్చు కూడా.

కానీ థాలమస్‌లో పెట్టే ఎలక్ట్రోడ్ వణుకును ఆపుతుందే తప్ప మీ నాన్నగారికి ఉన్నటువంటి బిగుతును, కదలికల మాంద్యాన్ని పెద్దగా తగ్గించదు. దానికి దారి మరో చోట దొరికింది. 1980ల తొలినాళ్లలో కాలిఫోర్నియాలో కల్తీ మాదకద్రవ్యం తీసుకున్న కొందరు యువకులు ఉన్నట్టుండి పార్కిన్సన్స్ రోగుల్లా కొయ్యబారిపోయారు. అందులోని ఎంపీటీపీ అనే రసాయనం అందుకు కారణమని తేలింది. దానితో కోతుల్లో ఈ జబ్బు లక్షణాలు కల్పించి పరిశోధించే వీలు కలిగింది. సబ్‌థాలమిక్ న్యూక్లియస్ అనే చిన్న కేంద్రం ఈ జబ్బులో అతిగా పనిచేస్తుందని, దాన్ని నిలువరిస్తే కదలికలు తిరిగి వస్తాయని 1990లో అమెరికా శాస్త్రవేత్త మాలన్ డిలాంగ్ బృందం కోతుల్లో చూపింది. సర్జన్లకు మాత్రం ఆ చోటంటే హడల్. అక్కడ రక్తస్రావమైతే చెయ్యీ కాలూ అదుపు లేకుండా విసిరికొట్టుకుంటాయని వారికి ఎప్పటి నుంచో తెలుసు. కాల్చడానికి జంకే చోట కరెంటు పెట్టి చూడవచ్చు, తేడా వస్తే ఆపేయవచ్చు. న్యూరాలజిస్టు పియర్ పొలాక్‌తో కలిసి బెనబిద్ 1993లో ఆ పనే చేశారు. మీ నాన్నగారికి చెప్పిన సర్జరీ బహుశా ఇదే. 2014లో బెనబిద్, డిలాంగ్ ఇద్దరికీ కలిపి వైద్య పరిశోధనకు ఇచ్చే లాస్కర్ అవార్డు ఇచ్చింది అందుకే.

అసలు ప్రశ్న ఇది మీ నాన్నగారికి పనికొస్తుందా అన్నది. మీరు రాసిన రెండు లక్షణాలు, మాత్రల మధ్యలో బిగుసుకుపోవడం, మాత్ర పనిచేసేటప్పుడు మెలికలు తిరగడం, సరిగ్గా డీబీఎస్ కోరే లక్షణాలే. అయినా ఒక పరీక్ష తప్పదు. డాక్టర్ల పర్యవేక్షణలో రాత్రి నుంచి మందు ఆపి, ఉదయం కదలికలకు మార్కులు వేస్తారు. తరువాత పార్కిన్సన్స్‌కు వాడే ప్రధాన మందు లెవోడోపా ఇచ్చి మళ్లీ వేస్తారు. కనీసం 30 శాతం మెరుగుదల కనిపించాలన్నది వాడుకలో ఉన్న కొలమానం. ఎందుకంటే వణుకును మినహాయిస్తే, లెవోడోపా బాగుచేయని లక్షణాన్ని డీబీఎస్ కూడా సాధారణంగా బాగుచేయదు. మాత్ర బాగా పనిచేసినప్పుడు మీ నాన్నగారు ఎలా ఉంటారో, ఆ స్థితిని రోజులో ఎక్కువసేపు నిలబెట్టడమే దీని పని. మాత్ర పనిచేస్తున్న వేళలో కూడా నడుస్తూ నడుస్తూ కాళ్లు నేలకు అతుక్కుపోయినట్టు ఆగిపోతున్నా, తూలి పడిపోతున్నా, ఆ ఇబ్బంది సర్జరీ తరువాతా ఉండే అవకాశం ఎక్కువ. మాట తడబాటు ఇప్పటికే ఉంటే అది కాస్త పెరగవచ్చు కూడా.

జ్ఞాపకశక్తి పరీక్షలు, మానసిక వైద్యుల పరిశీలన కూడా ఉంటాయి. వీటిని లాంఛనం అనుకోవద్దు. మతిమరుపు జబ్బు స్థాయికి చేరి ఉన్నా, తీవ్రమైన కుంగుబాటు అదుపులో లేకపోయినా సర్జరీ వద్దనే చెబుతాం. ఈ మధ్య పేర్లు మరచిపోతున్నారా, లేని మనుషులు కనిపిస్తున్నారని అంటున్నారా, ముభావంగా ఉంటున్నారా? అడిగితే మీ నాన్నగారు ‘ఏమీ లేదు’ అనేస్తారు. ఆ సంగతులు డాక్టరుకు మీరూ మీ అమ్మగారే చెప్పాలి. 64 ఏళ్ల వయసు అడ్డంకి కాదు.

ఆపరేషన్‌లో తలకు ఒక ఫ్రేమ్ బిగించి, ఎంఆర్ఐ, సీటీ స్కాన్ల ఆధారంగా మిల్లీమీటర్లతో సహా చోటు లెక్కగట్టి, పుర్రెకు చిన్న రంధ్రం వేసి ఒక మిల్లీమీటరుకు కాస్త పైబడిన మందం ఉన్న తీగను లోపలికి పంపుతారు. రెండు వైపులా. మెదడుకు నొప్పి తెలియదు కాబట్టి చాలాచోట్ల రోగిని మెలకువగానే ఉంచి వేళ్లు ఆడించమంటారు, మాట్లాడిస్తారు. పూర్తి మత్తులోనూ చేస్తున్నారు. బ్యాటరీని ఛాతీ దగ్గర చర్మం కింద అమరుస్తారు. ముప్పు లేదని నేను చెప్పను. మెదడులో రక్తస్రావం నూటికి ఒకరిద్దరికి జరగవచ్చు, అది పక్షవాతానికీ దారితీయవచ్చు. ఇన్‌ఫెక్షన్ అంతకంటే ఎక్కువగా కనిపిస్తుంది, అప్పుడు ఒక్కోసారి పరికరాన్ని తీసేయాల్సి వస్తుంది. ఆ సర్జన్‌కు ఈ ఆపరేషన్‌లో ఎంత అనుభవముంది, ఆ తరువాత ప్రోగ్రామింగ్ (కరెంటు మోతాదును సర్దడం) చేసేది ఎవరు అని మొహమాటం లేకుండా అడగండి. నా దృష్టిలో రెండో ప్రశ్నే ముఖ్యం.

ఎందుకంటే ఆపరేషన్‌తో పని సగమే అవుతుంది. తీగ దిగిన తాకిడికే కొన్నాళ్లు లక్షణాలు తగ్గుతాయి. ఇంట్లో అందరూ సంబరపడతారు. కొద్ది వారాల్లో అది కరిగిపోయాక ‘ఆపరేషన్ విఫలమైంది’ అని దిగులు పడతారు. విఫలం కాదు, అసలు వైద్యం అప్పుడే మొదలవుతుంది. సాధారణంగా సెకనుకు 130 స్పందనల దగ్గర మొదలుపెట్టి, కరెంటు బలాన్ని కొద్దికొద్దిగా పెంచుతూ, మరోవైపు మాత్రలు తగ్గిస్తూ పోతాం. కుదురుకోవడానికి నెలలు పడుతుంది. మాత్రలు చాలామందికి సగం దాకా తగ్గుతాయి కానీ పూర్తిగా పోవడం అరుదు. మీ అంతట మీరు ఆపేస్తే ప్రమాదం. కొందరిలో మొదటి నెలల్లో విపరీతమైన హుషారు, కోపం, దుబారా కనిపిస్తాయి, మరికొందరు నీరసపడిపోతారు. అది ఆయన స్వభావం మారడం అనుకోకుండా వెంటనే డాక్టరుకు చెప్పండి, సెట్టింగ్ మారిస్తే చాలాసార్లు సర్దుకుంటుంది. మెదడులోని అసహజ లయను పరికరమే గుర్తించి కరెంటును సర్దుబాటు చేసుకునే రకాలకు 2025లో అమెరికాలో అనుమతి వచ్చింది. కానీ దానికోసం ఎదురుచూస్తూ వాయిదా వేయాల్సిన పని లేదు.

మామూలు బ్యాటరీని మూడు నుంచి అయిదేళ్లకు ఒకసారి మార్చాలి, రీఛార్జి చేసే రకం చాలా ఎక్కువ కాలం వస్తుంది. ఏ ఆసుపత్రికి వెళ్లినా పరికరం ఉందని ముందే చెప్పాలి. దాని గుర్తింపు కార్డు ఎప్పుడూ జేబులో ఉండాలి. ఎంఆర్ఐ తీసేముందు ఆ మోడల్‌కు అనుమతి ఉందో లేదో సరిచూసుకోవాలి. మోకాలి నొప్పికో, నడుము నొప్పికో ఫిజియోథెరపీకి వెళ్లినప్పుడు డయాథెర్మీ అనే వేడి చికిత్సను మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ చేయించుకోకూడదు. ఆ శక్తి తీగ గుండా మెదడుకు చేరి ప్రాణం మీదికి తెస్తుంది.